అమీను సీతారామయ్య సంఘంలో చేరిన సంగతి

బందరు కోర్టులో సమన్లు పట్టుకెళ్ళి ఇచ్చే సీతారామయ్యను చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అమీను గారనే పిలిచేవారు. నిజానికి అమీను ఉద్యోగం వేరు, ఆస్తులు జప్తు చేసేది ఆయన. సీతారామయ్యది కాగితాలు చేరవేసే పని. కాని ఖాకీ చొక్కా, చంకలో తోలుసంచీ గుమ్మంలో కనబడ్డాక ఆ తేడా ఎవరికి పట్టింది? అమీను గారొచ్చారంటే ఇంట్లో మగవాళ్ళు పెరటి దారి పట్టేవారు.

ఇరవై రెండేళ్ళు ఆ పని చేశాక ఆయనకు మనుషుల మీద నమ్మకం అరిగిపోయింది. "ఇంట్లో లేరండీ" అనే ఇల్లాలి వెనక నులకమంచం ఇంకా ఊగుతూ ఉండేది. గుమ్మంలో మగ చెప్పులు ఉండేవి, చుట్ట వాసన వచ్చేది. కృత్తివెన్నులో ఒకాయన తానే ఎదురొచ్చి, ఫలానా మనిషి పోయి ఏడాదయిందని, పాపం మంచివాడని, కళ్ళు తుడుచుకుని మరీ చెప్పాడు. ఆ ఫలానా మనిషి తనే. ఇలాంటివి చూసీ చూసీ సీతారామయ్య ఎవరు ఏం చెప్పినా ముందు దాని వెనకాల ఏముందా అని చూసేవాడు. డాక్టరు మందు రాసిస్తే ఇంకో డాక్టరును అడిగేవాడు. పెళ్ళిచూపుల్లో కూడా తనను సాక్షిని చూసినట్టు చూశాడని ఆయన భార్య సువర్ణ అంటూ ఉండేది.

డెబ్బై ఏడు నవంబరులో దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. తర్వాత ఆరు నెలలు సీతారామయ్య అవనిగడ్డ, కోడూరు వైపు పట్టుకెళ్ళిన కాగితాల్లో సగం వెనక్కే వచ్చాయి. వెనక "ఉప్పెనలో చనిపోయినారు" అని రాసి, ఊరివాళ్ళు ఇద్దరిచేత సాక్షి సంతకాలు పెట్టించాలి. కొన్ని పల్లెల్లో ఆ ఇద్దరూ దొరికేవారు కాదు. ఈసారి అబద్ధం చెప్పేవాళ్ళు లేరు. చెప్పడానికి అసలు మనుషులే లేరు. ఇంటికొచ్చాక అన్నం సయించేది కాదు. ఏమైందని సువర్ణ అడిగితే ఎండ దెబ్బ అనేవాడు.

డెబ్బై ఎనిమిది వేసవిలో ఒక హద్దుల దావాలో కాగితాలు పట్టుకుని కోడూరు దాటి సముద్రం వైపున్న ఒక పల్లెకు వెళ్ళాడు. ప్రతివాది ధనమ్మ, అరవై ఏళ్ళ మనిషి. ఉప్పెనలో కొడుకు, కోడలు, వాళ్ళ పిల్ల పోగా తాటాకుల పాకలో ఒక్కతే ఉంటోంది. ఆమెకు ఎకరం పట్టా భూమి ఉంది. పక్క చేను ఆసామి కుటుంబమంతా పోయింది. ఆ ఆసామి దూరపు చుట్టం ఒకాయన గుడివాడ నుంచి దిగి, తనకు రావలసిన నేలను ధనమ్మ కలుపుకుందని దావా వేశాడు. పొలాల మీద ఇసక మేట వేసి హద్దురాళ్ళన్నీ పూడిపోయాయి. ఎవరికి తోచినంత వాళ్ళు దున్నుకున్నారు. దావా వేసినాయన దగ్గర కాగితమేమీ లేదు. కోర్టు నియమించిన వకీలు గారు సర్వేయరును వెంటపెట్టుకుని వస్తే సీతారామయ్య కూడా వాళ్ళతో నిలబడ్డాడు.

ధనమ్మ ఏం చెప్పినా చెల్లేది. అయినా ఆమె పలుగు చేత పట్టుకుని, విరిగిన తాటి మొద్దు దగ్గర నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. ఇక్కడ తవ్వమంది. మూరెడు లోతున రాయి తగిలింది. అది ఆమె దున్నుకున్న నేలలోనే ఉంది. దాంతో ఆమెకు పన్నెండు సెంట్లు పోయాయి. దావా వేసినాయన కూడా నోరు తెరిచి చూశాడు.

వకీలు గారు రాతకోతలు చూసుకుంటుంటే సీతారామయ్య ఆమె పక్కన చేరి, రాయి అక్కడుందని ముందే తెలుసా అని అడిగాడు.

"తెలుసుగా బాబూ" అంది ధనమ్మ. "తెలిసినదాన్ని తెలవదని ఎట్టా చెప్పేది? ఆయన చూస్తానే ఉంటాడు గదా."

ఆయనెవరని సీతారామయ్య అడగలేదు. పాక తలుపుకు సున్నంతో గీసిన సిలువ గుర్తు ఆయన అప్పటికే చూశాడు.

ఆ రోజు బస్సు రావడం ఆలస్యమైంది. ధనమ్మ రేకుపెట్టెలోంచి ఒక చిన్న పుస్తకం తీసుకొచ్చింది. ఉప్పెన తర్వాత ఎవరో బట్టలతో పాటు ఇచ్చి వెళ్ళారట. తనకు చదువు రాదు, బస్సు వచ్చేదాకా చదివి పెట్టమంది. సీతారామయ్య దావా కాగితం చదివినట్టే పేరూ ఊరూ వదలకుండా చదివాడు. క్రీస్తు కథ అది. బస్సు వచ్చేసరికి సగమైంది. పట్టుకుపోయి మిగిలింది చదువుకోమంది ధనమ్మ.

ఇంటి దగ్గర ఆ పుస్తకాన్ని కోర్టు ఫైలు మధ్యన పెట్టుకుని చదివాడు. తప్పు పట్టుకోవాలనే చదివాడు. చివర్లో విచారణ దగ్గరికొచ్చేసరికి ఆయన చూపు నిలిచిపోయింది. తెచ్చిపెట్టిన దొంగసాక్షులు ఒకరి మాటకు ఒకరి మాట పొసగక తడబడుతున్నారు. అది ఆయనకు రోజూ కనబడే సంగతే. అంతకంటే వింత ఏమిటంటే, గురువును పట్టుకుపోయిన రాత్రి ముఖ్య శిష్యుడే ఆయనెవరో నాకు తెలియదని మూడుసార్లు బొంకాడట. ఆ సంగతి దాచకుండా వాళ్ళ పుస్తకంలో వాళ్ళే రాసుకున్నారు. కట్టుకథ అల్లేవాడు సొంత మనిషి పరువు ఇలా తీసుకోడు. తనకు నష్టం తెచ్చే మాట తానే చెప్పే సాక్షిని జడ్జీలు ఎందుకు నమ్ముతారో సీతారామయ్యకు తెలుసు.

నమ్మకం ఎప్పుడు కుదిరిందో ఆయనకే తెలియదు. వానాకాలంలో ఒకరోజు బందరు దగ్గరి గూడూరు రోడ్డు మీద ఎదురుగాలికి సైకిలు తొక్కుతూ తనలో తాను ఏదో మాట్లాడుకుంటున్నాడు. ఎవరితో మాట్లాడుతున్నావని తనను తానే నిలదీసుకున్నాడు. జవాబు తెలిసి, సైకిలు దిగి, కాసేపు గట్టు మీద కూర్చున్నాడు.

ఇంట్లో ఒక్కడూ కూర్చుని నమ్మితే చాలదని, పదిమందిలో కలవాలని ఆయనకు అర్థమైంది. కాని ఏ పదిమందిలో? బందరులోనే ఎన్ని ప్రార్థనాలయాలు! దొరల కాలం నాటి పెద్ద రాతి చర్చి దగ్గర నుంచి నిన్నమొన్న వేసిన రేకుల షెడ్డు దాకా, లూథరన్ వారు, బాప్టిస్టులు, రోమన్ కతోలికులు, పెంతెకోస్తు వారు, ఏ పేరూ వద్దని అదే పేరుగా పెట్టుకున్నవారు. అందరూ చెప్పేది ఒక్కరి పేరే. ఒక్కరి పేరు మీద ఇన్ని బోర్డులున్నాయంటే కోర్టు మనిషికి ముందుగా తోచేది వాటాల తగాదా. ఒక్కొక్కటే వెళ్ళి చూడాలని, తానెవరో చెప్పకుండా చూడాలని అనుకున్నాడు.

మొదటి ఆదివారం తెల్లచొక్కా వేసుకుని బందరులోనే ఒక సంఘానికి వెళ్ళాడు. ఆ సంఘం పేరు ఇక్కడ అనవసరం. వెనక బల్ల మీద కూర్చున్నాడో లేదో, ముందు వరుసలో ఉన్న పెద్దమనిషి ఒకాయన వెనక్కి తిరిగి చూసి పక్కాయన మోచేయి పొడిచాడు. పాట సగంలో ఉండగానే ఇద్దరూ పక్క తలుపులోంచి వెళ్ళిపోయారు. మూడో ఆయన పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది సీతారామయ్యకు. సంఘం స్థలం గురించి కమిటీలో రెండు వర్గాలకూ కోర్టులో వ్యాజ్యం నడుస్తోంది. మొన్న బుధవారమే ఈ పెద్దమనుషుల ఇళ్ళకు సమన్లు పట్టుకెళితే ఊళ్ళో లేరన్నారు. ప్రార్థన చేసుకోవడానికొచ్చానని చెబుదామనుకున్నాడు గాని, తానయితే ఆ మాట నమ్మేవాడా?

బందరులో తన మొహం తెలియని చర్చి లేదని తేలిపోయింది. మరుసటి ఆదివారం పొద్దున్నే పాసింజరు రైలెక్కి గుడివాడ వెళ్ళాడు. సువర్ణకు ఆఫీసు పని అని చెప్పాడు.

గుడివాడలో సామ్యేలు అనే బోధకుడు సొంతంగా ఒక సహవాసం నడిపేవాడు. మనిషి మాటకారి. ఆయన సీతారామయ్యను మొదటి రోజే ఊరూ పేరూ కులం ఉద్యోగం అడిగి తెలుసుకున్నాడు. రెండో ఆదివారానికి, అందరూ చాపల మీద కూర్చుంటే సీతారామయ్యకు వేదిక పక్కన కుర్చీ వేశారు. చాప మీద కూర్చుంటానంటే ఒప్పుకోలేదు. మూడో వారం ప్రసంగంలో ఆయన్ని వేలు పెట్టి చూపిస్తూ, ఇలాంటి వాళ్ళు కూడా వస్తున్నారు చూడండి అన్నాడు సామ్యేలు. ఇలాంటి వాళ్ళంటే ఎలాంటి వాళ్ళో అందరికీ అర్థమైంది. పేటల్లో పుట్టి మూడు తరాలుగా వస్తున్నవాళ్ళు వంద మంది ఉన్నారక్కడ. వాళ్ళకు లేని కుర్చీ ఊళ్ళోంచి మూడు వారాల కిందట వచ్చినవాడికెందుకు? ఇందులో ఏదో ఉందని సీతారామయ్య మనసు చెబుతూనే ఉంది. అయినా, అందరినీ అనుమానించే పాడుబుద్ధి ఇక్కడ కూడానా అని తనను తానే కోప్పడి మళ్ళీ రైలెక్కాడు.

ఇక్కడ బందరులో సువర్ణ అనుమానం సువర్ణకు ఉంది. ఇరవై రెండేళ్ళలో ఏనాడూ లేనిది ఆదివారం ఆఫీసు పనేమిటి? ఆ పనికి ఇస్త్రీ చొక్కా ఎందుకు? తిరిగి వచ్చేటప్పుడు ముఖం అలా తేటగా ఎందుకుంటోంది? ఆమె ఎవరితోనూ అనలేక, కోనేరు సెంటరు దగ్గర సైకిలు షాపు పెట్టుకున్న హనీఫ్ దగ్గరికి వెళ్ళింది. భర్తకు ఉన్న ఒక్క స్నేహితుడు ఆయన. సీతారామయ్య తన సంగతి చెప్పుకున్నది కూడా ఆయన ఒక్కడికే. ఎవరికీ చెప్పనని హనీఫ్ మాట ఇచ్చి ఉన్నాడు.

"అన్నయ్యా, గుడివాడలో ఎవరున్నారు?" అని అడిగింది సువర్ణ.

హనీఫ్ చేతిలోని పానా కింద పెట్టాడు. "నువ్వనుకునేది కాదు చెల్లెమ్మా. ఆడమనిషి సంగతి కాదు. అంతకు మించి నన్నడక్కు."

ఆడమనిషి కాదంటే ఇంకేమిటి? పేకాటేమో, తాగుడేమో అనుకుంటూ ఆమె ఇంకా దిగులుతో ఇంటికొచ్చింది.

నవంబరులో సంగతి బయటపడింది. సువర్ణ కూరలకు వెళితే మార్కెట్టు గోడ మీద పసుపు రంగు కాగితం అంటించి ఉంది. గుడివాడలో మూడు రోజుల ఉజ్జీవ కూటములు, అంటే ప్రార్థన సభలు. కింద పెద్ద అక్షరాలతో: బందరు కోర్టు అధికారి శ్రీ సీతారామయ్య గారు విగ్రహారాధన విడిచి తమ సాక్ష్యం చెప్పెదరు. ఆమె రెండుసార్లు చదివింది. గోడ చివర మరొకటి ఉంటే అదీ చదివింది. కూరలు కొనకుండా ఇంటికొచ్చింది.

సీతారామయ్యకు ఆ కాగితం సంగతి కోర్టులో తెలిసింది. గుమాస్తా ఒకాయన దాన్ని చించి తెచ్చి బల్ల మీద పరిచాడు. అధికారి గారు కూర్చోండి అని ఒకడు స్టూలు తుడిచాడు. ఆఫీసుకు పెద్ద అయిన శిరస్తదారు గారు లోపలికి పిలిచి, ఎవరెంత ఇస్తామన్నారని మెల్లగా అడిగాడు. సాక్ష్యం చెబుతానని సీతారామయ్య ఎవరితోనూ అనలేదు. చేరతానని కూడా అనలేదు. ఎన్ని వందల గుమ్మాల మీద తాను కాగితాలు అంటించాడో! తన పేరుతో ఊరి గోడ మీద అంటిస్తే ఎలా ఉంటుందో ఆయనకు ఆ రోజు తెలిసింది.

ఇంటికి వెళ్ళేసరికి సువర్ణ వసారాలో కూర్చుని ఉంది.

"ఆడమనిషి కాదని సంతోషించాలో ఏమో నాకు తెలీడం లేదు" అంది. "దేవుణ్ణి మార్చుకున్నారు, సరే. నాకు చెప్పలేదు. గుడివాడ గోడలకు చెప్పారు."

"గోడలకు నేను చెప్పలేదు."

"నాకూ చెప్పలేదుగా."

ఆయన మొదటి నుంచీ అంతా చెప్పాడు. ఉప్పెనలో పోయినవాళ్ళ కాగితాలు, హద్దురాయి, ఫైలు మధ్య పుస్తకం, ఏదీ దాచలేదు. ఆమె అంతా విన్నది. చివరికి, నన్ను మాత్రం ఇందులోకి లాగవద్దంది. పూజగూడు తీయకూడదు, తన మెడలో సూత్రాల జోలికి ఎవరూ రాకూడదు, ఆయన పేరు మారకూడదు. ఆయన ఒప్పుకున్నాడు. అయినా ఆమె నమ్మినట్టు కనబడలేదు.

సీతారామయ్య సామ్యేలు దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. కాని కాగితం చూసిన మిగతావాళ్ళు ఊరుకోలేదు. డిసెంబరులో ఇంటికి ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. నెత్తిన నాలుగు చుక్కలు చల్లితే బాప్తిస్మం కాదని, కాలవలో నిండా ముంచాల్సిందేనని ఒకాయన చెప్పాడు. మర్నాడు వచ్చినాయన ముంచేవాళ్ళతో జాగ్రత్తగా ఉండమన్నాడు. అసలు ఆదివారమే తప్పు, శనివారం చూడమని ఇంకొకాయన పుస్తకం తెరిచాడు. ఎవరి దగ్గర కూర్చుంటే పక్కవాళ్ళ తప్పు తెలిసేది గాని వాళ్ళ సంగతి తెలిసేది కాదు. ఆఖరున వచ్చిన ఇద్దరిలో పెద్దాయన, సువర్ణ కాఫీ తెస్తుంటే ఆమె మెడ వంక చూసి, ఆ బంగారం ముందు తీసేయాలమ్మా అన్నాడు. సువర్ణ కాఫీ గ్లాసులతో వచ్చిన దారినే వంటింట్లోకి వెళ్ళిపోయింది. అవి మళ్ళీ బయటికి రాలేదు.

సీతారామయ్యకు విసుగెత్తింది. పుస్తకంలో ఉన్నాయన మీద అనుమానం లేదు. ఆయన పేరు చెప్పేవాళ్ళెవరి మీదా నమ్మకం లేదు. ఎక్కడా చేరకుండా ఇలాగే ఉండిపోతే నష్టమేమిటనుకున్నాడు.

ఆ నెలాఖరులో గూడూరు దగ్గర ఒక పల్లెకు సమను పట్టుకెళ్ళాల్సి వచ్చింది. ఎవరిదో కొట్లాట కేసు. సాక్షి పేరు మోషే, అక్కడి సి.ఎస్.ఐ. చర్చి పాస్టరు. సీతారామయ్య పాస్టరు గారి ఇల్లు కనుక్కుని గుమ్మంలో నిలబడి పేరు పిలిచాడు. అలవాటుగా పెరటివైపు ఒక కన్ను వేసి ఉంచాడు.

"మోషేని నేనేనండీ" అంటూ వీధి తలుపులోంచే ఒక బక్కపలచని మనిషి వచ్చాడు. సమను తీసుకుని వెంటనే సంతకం పెట్టలేదు. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క లైనే చదివాడు. కోర్టు ముద్ర వెలుతురుకు పెట్టి చూశాడు. తారీఖు సరిగా వేశారా అని అడిగాడు. తనలాగే పరీక్ష చేసే మనిషి తారసపడటం సీతారామయ్యకు అదే మొదటిసారి. సంతకం పెట్టి ఇచ్చాక మోషే ఆయన ముఖం వంక పరీక్షగా చూశాడు.

"గుడివాడ పోస్టరు మీద పేరు మీదేనాండీ?"

"పేరు నాదే. అందులో ఉన్న మాట నాది కాదు" అన్నాడు సీతారామయ్య. ఆ తర్వాత ఏమనిపించిందో, అరుగు మీద కూర్చుని తన తిరుగుళ్ళన్నీ చెప్పుకొచ్చాడు. అందరూ పక్కవాళ్ళ తప్పులే చెప్పారనీ, మీలో తప్పేమిటో మీరు చెబుతారా అనీ అడిగాడు.

మోషే నవ్వలేదు. చెప్పడం మొదలుపెట్టాడు. తమ సంఘంలో రెండు కుటుంబాలు ఆరేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. ఆరాధనలో ఇద్దరూ ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుంటారు, గుమ్మం దిగాక ఒకరి ముఖం ఒకరు చూడరు. తాను ఎన్నిసార్లు ప్రసంగం చేసినా ఫలితం లేదు. పైగా తన ప్రసంగాలు సాగదీసినట్టుంటాయని అందరూ అంటారు, అదీ నిజమే.

"ఇంకోటి కూడా వినండి" అన్నాడు. "ఈ చర్చిలో ఉన్నవాళ్ళమంతా మాలలం. మాదిగపల్లెలో చర్చి వేరు, మిషను వేరు. ఆదివారం పొద్దున్నే రెండు గంటలూ మోగుతాయి. దేవుడొక్కడేనని రెండుచోట్లా చెబుతాం. దొరలొచ్చి ఇలా పంచి వెళ్ళారని అంటాం గాని, వాళ్ళు వెళ్ళి ముప్పై ఏళ్ళయింది. కలవకపోవడం మా తప్పే."

తమకు నష్టం తెచ్చే మాట ఇలా చెప్పినవాళ్ళు ఈ తిరుగుళ్ళలో ఎవరూ తగలలేదు. అయితే మీ దగ్గరే చేరతానన్నాడు సీతారామయ్య.

"నాకింకా మీ మీద నమ్మకం కుదర్లేదండీ" అన్నాడు మోషే, చాలా మర్యాదగా. మూడేళ్ళ కిందట ఊళ్ళోంచి ఒక ఆసామి ఇలాగే వచ్చాడట. బైబిలు చంకన పెట్టుకుని నాలుగు నెలలు తిరిగాడట. పేటలో ఓట్లు వేయించుకున్నాక మళ్ళీ కనబడలేదట. "వచ్చే ఏడాది కోతపండగ దాకా వచ్చి కూర్చోండి. అప్పటికీ ఇదే మాటంటే చూద్దాం."

ఆ విధంగా ఏడాది పాటు సీతారామయ్య ఆదివారం ఆదివారం గూడూరు రోడ్డు మీద సైకిలు తొక్కాడు. ఈసారి సువర్ణకు చెప్పే వెళ్ళాడు. అక్కడ ఎవరూ కుర్చీ వేయలేదు సరిగదా, ఆయన కూర్చున్న చాప మీద మొదటి రెండు నెలలు ఇంకెవరూ కూర్చోలేదు. సంఘంలో ఎలీసబెతమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది, రిటైరైన టీచరు. ఆవిడ మాటంటే అందరికీ గురి. ఈయన చర్చి స్థలం మీద ఏదో కేసు కోసం కొలతలు చూసుకోవడానికి వస్తున్నాడని ఆవిడ అభిప్రాయం. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తే చాలు, ఆవిడ కూడా అటు చూసేది.

సంఘపు విందు ఒకటి జరిగింది. పేటలో వండిన అన్నం, చేపల పులుసు విస్తళ్ళలో వడ్డించారు. అందరి కళ్ళూ తన విస్తరి మీదే ఉన్నాయని ఆయనకు తెలుసు. తిన్నాడు. అయితే మొదటి ముద్ద కలిపాక చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఎందుకాగిందో ఆయనకు తెలుసు, ఎదురుగా కూర్చున్న ఎలీసబెతమ్మకూ తెలుసు. ఆమె చూసిందని ఆయన చూశాడు. చేతులు కడుక్కున్నాక నేరుగా మోషే దగ్గరికెళ్ళి, నా చెయ్యి ఆగిందండీ అని చెప్పేశాడు. నలభై ఆరేళ్ళు వచ్చి, పుస్తకం మూడుసార్లు చదివి, ఇంకా ఆగిందని. మోషే ఆయన్ని ఓదార్చలేదు. మళ్ళీ ఆగుతుందేమో చూసుకోండి అన్నాడు, అంతే.

వానాకాలం వెళ్ళాక ఆయన నమ్మకం పునాదులే కదిలాయి. అవనిగడ్డలో ఒక దుకాణం దగ్గర ధనమ్మ ఊరి కరణం కనబడితే మాటల్లో ఆ హద్దురాయి సంగతి వచ్చింది. కరణం నవ్వాడు. ఆ పన్నెండు సెంట్లలో మూరెడు లోతు ఇసక మేట, దున్నినా గడ్డి కూడా మొలవదు, దాన్ని బాగుచేసుకునే శక్తి ముసలిదానికి లేదు, రాయి చూపించి వదిలించుకుంది అన్నాడు.

సీతారామయ్య చేతిలోని టీ చల్లారిపోయింది. ఏ సాక్షిని చూసి తాను ఇంత దూరం వచ్చాడో ఆ సాక్షికే ఇందులో లాభముంది! ఇన్నేళ్ళుగా కనిపెడుతున్న సంగతిని ఆ ఒక్కచోట ఎలా మరిచాడు? ఆ మధ్యాహ్నమే కోడూరు బస్సెక్కాడు.

ధనమ్మ పాక ముందు తాటాకు చీలుస్తోంది. కూర్చోమని పీట వేసింది. ఆయన కూర్చోకుండానే అడిగాడు. ఆ నేల పనికిరాదని తెలిసే రాయి చూపించావా?

"ఆ సంగతి అనిపించింది బాబూ" అంది ధనమ్మ, తాటాకు మీంచి చూపు తిప్పకుండా. "పోతే పోయిందిలే, ఎటూ పండదు అనుకున్నా. రాయి అక్కడుందన్న సంగతీ నిజమే. రెండూ నిజమే."

"పండే నేలయితే చూపించేదానివా?"

ఆమె తాటాకు పక్కన పెట్టింది. "చూపించేదాన్నని చెప్పాలని ఉంది. ఏమో మరి, ఆ పరీక్ష నాకు పెట్టలేదు ఆయన." అప్పుడు తలెత్తి చూసింది. "నన్ను చూసి వచ్చావా ఇందులోకి? నన్ను చూసి వస్తే నన్ను చూసే పోతావు. ఆయన్ని చూసి రావాలి గాని."

సీతారామయ్య అప్పుడు పీట మీద కూర్చున్నాడు. తానేమీ మోసపోలేదని తెలిసింది. ఇన్నాళ్ళూ తాను నిలబడ్డ చోటే సరైంది కాదనీ తెలిసింది. మరి నువ్వు ఏ సంఘమని, ఎందుకు అందులో ఉన్నావని అడిగాడు. ఏదైనా గట్టి కారణం చెబుతుందేమోనని ఆశ. మా అత్తగారు దాంట్లోకి వెళ్ళేది, నన్నూ తీసుకెళ్ళింది అంది ధనమ్మ. ఇంతేనా అని ఆయన ముఖం చిన్నబోతే, చెప్పింది చాలదా అన్నట్టు చూసి, మంచినీళ్ళు ఇచ్చింది.

డెబ్బై తొమ్మిది డిసెంబరులో కోతపండగ వచ్చింది. జనం కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోడిపుంజులు తెచ్చి చర్చి ముందు పెట్టారు. మోషే ఆయన్ని పిలిచి మాట మీద ఉన్నారా అని అడిగాడు. ఉన్నానన్నాడు సీతారామయ్య. మీ సంఘమే మంచిదని కాదండీ, నేను వెతుకుతున్నట్టు మచ్చలేని చోటు లేదని తెలిసింది, ఉన్న మచ్చ దాచకుండా చెప్పినచోట ఉంటాను అన్నాడు. ఎలీసబెతమ్మ పక్కనే ఉంది. స్థలం కాగితాలు ఎక్కడున్నాయో ఇతనికి చెప్పకండి అని మోషేతో అంది. నవ్వుతూ అందో నిజంగా అందో ఎవరికీ తెలియలేదు.

బాప్తిస్మం రోజు సువర్ణ వచ్చింది. బొట్టు పెట్టుకుని, పట్టుచీర కట్టుకుని, హనీఫ్ కట్టించిన రిక్షాలో వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. ఏం చేస్తారో చూడటానికే వచ్చానని ముందే చెప్పింది. మోషే నీళ్ళు తలమీద పోస్తూ సీతారామయ్య అనే పిలిచాడు, వేరే పేరేమీ పెట్టలేదు. ఆమె చెవులు రిక్కించి మరీ విని, తల ఊపింది. అంతా అయ్యాక మోషే ఆమె దగ్గరికొచ్చి నమస్కారం పెట్టాడు.

"పాస్టరు గారూ, ఒక్క మాట" అంది సువర్ణ. "మీరు ఈయన్ని నమ్మారా?"

"ఇంకా పూర్తిగా లేదమ్మా" అన్నాడు మోషే.

"నేనూ అంతేనండీ" అంది ఆమె. ఆ రోజు నుంచి పాస్టరు గారు ఎప్పుడు ఇంటికొచ్చినా కాఫీ ఇచ్చేది.

ఏడాది తిరక్కుండానే మోషేకు కైకలూరు వైపు బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన కుర్రవాడు, ప్రసంగం పావుగంటలో ముగించేవాడు. అమీను గారు ఇక రారని పేటలో చాలామంది అనుకున్నారు. ఆయన వచ్చాడు. మాట్లాడుకోని ఆ రెండు కుటుంబాలకూ మధ్య చాప వేసుకుని కూర్చునేవాడు. ఆ కుటుంబాలు కలవనూ లేదు, ఆయన అక్కణ్ణుంచి లేవనూ లేదు. కమిటీలో ఉండమంటే వద్దన్నాడు. సువర్ణ శుక్రవారం పూజలు మానలేదు.

కోర్టులో మాత్రం ఆయన రిటైరయ్యేదాకా ఒకటే మాట. ఊరికే ఎవడూ మారడు, ఏదో లాభం ఉండే ఉంటుంది అనేవారు. ఆ శిరస్తదారు గారి తర్వాత మరో ఇద్దరు వచ్చారు. ముగ్గురూ వాకబు చేశారు. ఆ లాభమేమిటో ఎవరికీ అంతుపట్టలేదు.